తోక గిల్లిన పరిగెలు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం. మాధవరం దగ్గర తుంగభద్రలో ఏసన్న, మద్దయ్య కలిసి గుండ్రటి పుట్టి పడవ వేసుకుని చేపలు పట్టేవారు. పదకొండేళ్లుగా ఒకే పుట్టి, ఒకే గాలం. ముందు కూర్చుని తెడ్డు వేసేది ఏసన్న, వెనక కూర్చుని గాలం విడిచేది మద్దయ్య. తెడ్డు వేసేవాడికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. కనపడాలని ఏసన్న ఏనాడూ అనుకోలేదు. ఒకసారి వరదలో పుట్టి సుడిలో పడి తాను నీళ్లలోకి జారితే, జుట్టు పట్టి పైకి లాగినవాడు మద్దయ్యే మరి.

వాళ్లు పట్టేది వాలుగల్ని. వాలుగ గీర ఉన్న చేప. చచ్చిన ఎరను మూతి ముందు పెట్టినా ముట్టదు, బతికి కొట్టుకుంటున్న పరిగె కావాలి దానికి. అందుకని సాయంత్రం పూట ఇద్దరూ ఊరి రేవులో మోకాటిలోతు నీళ్లలో పాత చీరను చెరో పక్క పట్టుకుని, జొన్నరొట్టె తునకలు చల్లేవారు. వేలెడంత పరిగెలు మూగగానే చీరను చప్పున పైకెత్తేవారు. ఈతబరిగెల బుట్టలో అడుగున నాచు పరిచి, వాటిని అందులో వేసి, మూతకు తాడు బిగించి, రెండు బండల నడుమ నీళ్లలో ముంచి ఇళ్లకు పోయేవారు.

ఆ బుట్ట విషయంలో వాళ్లకొక పట్టింపు ఉంది. ఎర బుట్టను బోర్లించకూడదు. బోర్లిస్తే పుట్టీ బోర్లుతుందని పెద్దలు చెప్పారు. కడిగినా నిలువునే కడిగేవారు, ఆరబెట్టినా నిలువునే.

ఆ ఏడు ఎర తగ్గడం మొదలైంది. సాయంత్రం పన్నెండు వేస్తే తెల్లారి ఏడు, పదిహేను వేస్తే ఎనిమిది. మూత కట్టు మాత్రం కట్టినట్టే ఉండేది. ఏసన్నను తొలిచింది అదే. ఆ ముడి అతని తండ్రి నేర్పింది. విప్పి మళ్లీ అలాగే వేయగలిగినవాళ్లు ఆ ఒడ్డున ఇద్దరే. ఒకడు తాను.

భార్య దానమ్మ ఊరికే ఉంటుందా?

"మద్దయ్య పెండ్లాం దేవక్క నిన్న పొద్దున్నే ఆదోని బస్సెక్కింది. నెత్తిన గంప, దాని మింద తడిగుడ్డ. నువ్వేమో ఉత్తచేతులతో ఇంటికొస్తాండావు."

"తమలపాకులేమోలే."

"తమలపాకులకు అంత బరువా? మెడ ఇట్ల కుంగిపోయింటే సూసినా. మీ ఎరతోనే రేత్రిపూట సేపలు పట్టి ఆదోనిలో అమ్ముకుంటాండారు."

ఆ కుంగిన మెడ ఏసన్నకు అన్నం సయించనివ్వలేదు. అనుమానం పట్టుకున్నాక అన్నీ సాక్ష్యాలే. మద్దయ్య నవ్వితే ఎందుకు నవ్వాడు? నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు? పొద్దున్నే వాడి పంచె అంచు తడిగా ఉందేం? ఒక్క మాట అడిగితే పోయేది. అడిగితే అతను ఏసన్న ఎందుకవుతాడు? తాను మహా తెలివైనవాడినని, దొంగను చేతికి చిక్కించుకుంటానని అనుకున్నాడు.

ఒక సాయంత్రం మద్దయ్య అటు పోగానే, బుట్టలోని పద్నాలుగు పరిగెల్నీ ఒక్కొక్కటే పట్టి తోక పైకొసను గోటితో గిల్లాడు. మద్దయ్య ఇంట్లో దాచుకున్న ఎరలో గిల్లిన తోక ఒక్కటి కనపడితే చాలు, మొహం మీదే అడగవచ్చు. ఆ పని ముగించాక అతనికి ప్రాణం హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, అదే నిజం.

తెల్లారి బుట్టలో తొమ్మిదే ఉన్నాయి. ముడి చెక్కుచెదరలేదు. ఏసన్న బుట్టను పుట్టి అంచుకు నీళ్లలో వేలాడగట్టి, కింది మడుగు వైపు తెడ్డు వేశాడు. వెనక మద్దయ్య ఒక పరిగె వీపున గాలం గుచ్చబోయి ఆగాడు.

"ఏందన్నా, ఈటికి తోకలు తెగినాయి?"

"ఎండ్రకాయలు కొరికింటాయిలే" అన్నాడు ఏసన్న, వెనక్కి తిరగకుండానే.

"మూత కట్టిన బుట్టలోకి ఎండ్రకాయ యాడ దూరుతాదన్నా?"

"నాకేం తెలుసు? గాలం ఇడువు."

గాలం విడిచిన కాసేపటికే వాలుగ పడింది. చిన్నది కాదు. పుట్టిని గిరగిరా తిప్పేసింది. "ఇడువు, ఇడువు!" అని ఏసన్న, "ఒడ్డుకు తిప్పన్నా!" అని మద్దయ్య, గొంతులు పోయేలా అరుచుకున్నారు. అంతసేపూ ఏసన్నకు అనుమానమే గుర్తు రాలేదు. ఊరికి రెండు మైళ్ల దిగువన ఒక బండ దగ్గర పుట్టిని ఒడ్డుకు చేర్చి, మనిషి కాలంత చేపను పైకి లాగారు.

మద్దయ్య కత్తి తీసి దాని పొట్ట కోశాడు. లోపల, గాలానికి గుచ్చిన పరిగె కాక ఇంకో ఐదు ఉన్నాయి. వాటితోపాటు విరిగిన ఈతబరిగె ముక్క.

"దొంగ దొరికిందన్నా!" అని మద్దయ్య పగలబడి నవ్వాడు. "రేత్రిపూట మన బుట్టే దీనికి వంటిల్లు!"

నవ్వుతూనే ఐదింటినీ బండ మీద వరసగా పేర్చాడు. పేరుస్తూ పేరుస్తూ నవ్వు ఆపేశాడు. అన్నిటికీ తోక పైకొసే తెగి ఉంది. అతను ఏసన్న చేతి గోళ్ల వైపు చూశాడు.

"గురుతు పెట్టినావా అన్నా? ఎవుని కోసరం?"

ఏసన్న వేళ్లు పిడికిలిలోకి ముడుచుకున్నాడు. "దేవక్క... ఆదోని బస్సు... గంప..." అని గొణిగాడు.

"గంపలో రుబ్బురోలు పొత్రం. దాని మింద తమలపాకులు. ఆదోనిలో మా సెల్లెలికి పంపిస్తి. అడిగింటే సెప్తాంటి గదా."

మద్దయ్య లేచి పుట్టి అంచున ఉన్న బుట్టను విప్పి తెచ్చాడు. "వద్దప్పా!" అని ఏసన్న అరుస్తుండగానే మూత తీసి నీటి అంచున బోర్లించాడు. మిగిలిన ఎనిమిది పరిగెలూ ఎగిరి నదిలో పడ్డాయి. నాచు జారిపోయింది. బుట్ట అడుగున, ఇన్నాళ్లూ నాచు కప్పిన చోట, రెండు బరిగెలు విరిగి లోపలికి వంగి ఉన్నాయి.

"తప్పయిపాయె మద్దయ్యా" అన్నాడు ఏసన్న. ఏడుపు ఆగలేదు అతనికి.

మద్దయ్య ఎప్పటిలాగే చేపను సమంగా రెండు పాళ్లు చేశాడు. తన పాలు తువ్వాలులో కట్టుకుని, ఒడ్డు దారి పట్టాడు.

"రెండు మైళ్లు ఎండలో యాడ నడుస్తావు? పుట్టి ఎక్కప్పా."

"వద్దులే అన్నా. నేను ఎనక కూసుంటే, నీకు తెడ్డు మింద మనసు నిలవదు."

ఏసన్న ఒక్కడే బయలుదేరాడు. నది నెమ్మదిగా ఉంది. బుట్ట బోర్లించినా పుట్టి బోర్లలేదు. నడిమధ్యకు వచ్చాక, తెడ్డు ఆపి, పదకొండేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ చుట్టిపెట్టిన గాలం తాడు, పరిగెలకు వేయగా మిగిలిన జొన్నరొట్టె తునక ఉన్నాయి.