ఎడమ చెయ్యి

గేటుకు గొలుసు పడిన చప్పుడు వినగానే లువా పుస్తకం మూసి గేటువైపు చూసింది. రోజూ పొద్దున ఇదే. దామ్ సారు తన చేత్తోనే గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుంటాడు. మధ్యాహ్నం అన్నం దాకా ఎవరూ బయటికి కదలకూడదు. వియత్నాంలోని థాయ్ బిన్ పట్నంలో ఆ వేసవి శిక్షణకు వచ్చినవాళ్లంతా టీచర్లే, సగం మందికి తలలు నెరిశాయి. అయినా తాళం తాళమే.

అందరూ నిన్నమొన్నటిదాకా రష్యన్ చెప్పినవాళ్లు. సోవియట్ దేశం పోయింది. దాని వెనకే రష్యన్ చదివే పిల్లలూ పోయారు. ఇకమీదట ఇంగ్లీషు చెప్పండి అన్నారు పైవాళ్లు. లువాకు నలభై ఆరేళ్లు. పగలు బడి, సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ పోయి ఇంగ్లీషు క్లాసు. అలా రెండేళ్లు నేర్చుకుంది. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుంటుంది, అంతే. వాళ్లు పరిగెత్తిన రోజు తనూ పరిగెత్తాలి.

ఈ శిక్షణలో నెగ్గితే ఇంగ్లీషు టీచరుగా ఉంటుంది. నెగ్గకపోతే ఏమవుతుందో ఆమె బళ్లోనే కళ్లెదుట ఉంది. విన్ అన్న. రష్యన్ ఆయనంత బాగా చెప్పినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పోయిన ఏడు శిక్షణలో తప్పాడు. ఇప్పుడు బళ్లో గంటకు బదులు మోగించే డోలు కొడుతున్నాడు. పీరియడుకు ఒకసారి డోలు, మిగతా పొద్దంతా పిల్లల సైకిళ్లకు కాపలా. ఆయన దగ్గర చదివిన పిల్లలే "సారూ, సైకిలు చూడండి" అని చెప్పి పోతారు. ఆ పక్కగా వెళ్లేటప్పుడు లువా తల వంచుకుంటుంది. ఆయన వంచుకోడు. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంటుంది.

పాఠం చెప్పడానికి మారియన్ అని ఒక తెల్ల పిల్ల వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. ఎండకు ముఖం ఉడికిన రొయ్యలాగా ఎర్రబడుతుంది. మనసు మంచిది. వియత్నాం మాట మాత్రం ఒక్కటి రాదు. గలగలా చెప్పుకుపోయి, చివర తన చెయ్యి ఎత్తి చూపిస్తూ, అర్థమైందా అని అడుగుతుంది.

మొదటిరోజు అలా అడగ్గానే గదిలో ఉన్నవాళ్లంతా చేతులెత్తారు. మారియన్ మురిసిపోయింది.

ఆ పిల్లకు తెలియని సంగతి ఒకటుంది. అక్కడ బడి గడప తొక్కిన ఎవరికైనా తెలిసినదే. పాఠం చూడటానికి పెద్దలొస్తే, ప్రశ్న అడగ్గానే క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాడు కుడి చెయ్యి. తెలియనివాడు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతులవాళ్లనే లేపుతుంది. వచ్చిన పెద్దలు తృప్తిగా టీ తాగి పోతారు. ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు. జలుబులాగా ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది. లువా కూడా రష్యన్ రోజులనుంచీ పిల్లలకు నేర్పుతూనే ఉంది.

ఆ మొదటిరోజు లేచినవి దాదాపు అన్నీ ఎడమ చేతులే. ఎవరూ కావాలని ఎత్తలేదు. అలవాటు ఎత్తించింది.

ఇంత చురుకైన వాళ్లను ఎక్కడా చూడలేదని మారియన్ అందరిముందూ అంది. మర్నాటినుంచి వేగం రెట్టింపు చేసింది.

"చూశావా అక్కా," అన్నాడు పక్క బల్లమీది త్వాన్. లువాకంటే చిన్నవాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో రష్యన్ చదివారు. "మన గొయ్యి మనమే తవ్వుకున్నాం. అదీ ఎడంచేత్తో."

"నోరు ముయ్యి. వెనక ఉన్నాడు."

వెనక దామ్ సారు. విద్యాశాఖ మనిషి. ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్నది ఆయన నోటిమాట. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, ఒళ్లో విసనకర్ర పెట్టుకుని కూర్చుంటాడు. కరెంటు పోయినా కదలడు. మారియన్ ఏదైనా సరదా మాట చెబితే అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే. కాకపోతే అందరూ నవ్విన తరువాత.

రెండోరోజు సాయంత్రం ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"కామ్రేడ్స్, నేనూ బడిపంతుల్నే. ఆ పిల్లకు కనపడకపోవచ్చు. ఏ చెయ్యి లేస్తోందో నాకు కనపడుతూనే ఉంది."

అంతే. మర్నాటినుంచి చేతులు కొయ్యబారిపోయాయి. ఎడమది ఎత్తితే దామ్ సారు చూస్తాడు. కుడిది ఎత్తితే, మారియన్ లేపినప్పుడు నోరు పెగలదు. ఏదీ ఎత్తకపోతే ఇద్దరూ చూస్తారు. లువా అరచేతులు బల్లకు ఆనించి కూర్చునేది. చెమటకు బల్లమీద చేతి ముద్రలు పడేవి. ఇంటికి పోయాక కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

టీ సమయంలో కూడా గేటు మూసే ఉంటుంది. మగవాళ్లు గోడవార చేరి హుక్కాలాంటి వెదురు గొట్టంతో పొగాకు పీలుస్తారు. ఒకరోజు త్వాన్ గుడగుడమని పీల్చి, కళ్లు మూసుకుని అన్నాడు:

"అక్కా, మా ఆవిడ అడిగింది, మీ శిక్షణలో ఏం నేర్పుతున్నారని. చెయ్యెత్తడం అని చెప్పాను."

"ఏమంది?"

"రేపు బావి దగ్గర కూడా ఎత్తమంది. నీళ్లు తోడాలట."

లువా నవ్వబోయి ఊరుకుంది. దామ్ సారు ఇటే వస్తున్నాడు. అందరిలో ఉంటే కామ్రేడ్ అంటాడు. పక్కకు పిలిస్తే చెల్లెమ్మా అంటాడు. రెండోదే ఎక్కువ భయం.

"చెల్లెమ్మా, ఇలా రా. ఆఖరి రోజు హనోయ్ నుంచి పెద్దలొస్తున్నారు. ఆ రోజు పాఠం నువ్వు చెప్పాలి. ఆ పిల్ల చెప్పిన కొత్త పద్ధతిలో. మీవాళ్లే పిల్లలుగా కూర్చుంటారు."

"నేనా? సారూ, నాకంటే త్వాన్ బాగా..."

"త్వాన్ నోరు నీకు తెలియదా? పాఠం బాగుంటే నాకు పేరు, నీకు ఉద్యోగం. బాగాలేకపోతే..." ఆయన విసనకర్రతో నెమ్మదిగా విసురుకున్నాడు. "విన్‌కు ఒక్కడే డోలు కొట్టి కొట్టి విసుగ్గా ఉందట. తోడు కావాలంటున్నాడు."

ఆఖరి రోజు లువా సంతనుంచి తెచ్చిన బుట్ట బల్లమీద పెట్టింది. తూటికూర కట్ట, సొరకాయ, బాతుగుడ్లు, ఎండుచేపలు. మారియన్ పద్ధతి అదే. వస్తువు చూపించాలి, ప్రశ్న అడగాలి, ఎవరి జవాబు వాళ్లు సొంతంగా చెప్పాలి. అందరూ కలిసి చిలకపలుకులు పలకడం మాత్రం కూడదు.

హనోయ్ పెద్దలు కిటికీ పక్కన కూర్చున్నారు. దామ్ సారు మామూలుగా వెనక్కి పోబోయాడు. మారియన్ నవ్వుతూ ఎదురెళ్లి, ఈరోజు అందరూ పిల్లలే అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు బల్లమీద కూర్చోబెట్టింది. అందరూ నవ్వారు. తరువాత ఆయన నవ్వాడు.

సంతలో ఏమి కొన్నారని లువా ఇంగ్లీషులో అడిగింది. చేతులు లేచాయి. ఇన్నాళ్లూ బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నది, ఇప్పుడు బోర్డు దగ్గర నిలబడి చూస్తోంది. కుడి చేతులు తను అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. ఆ కుడి చేతుల్లోంచే ఏరుకుంది. త్వాన్ లేచి, బాతుగుడ్లు కొన్నానని, భార్యకు కోపం వచ్చిందని, ఒక్కటి కూడా తనకు పెట్టలేదని చెప్పాడు. తప్పులున్నా అందరికీ అర్థమైంది. పెద్దలు కూడా నవ్వారు. ఈసారి లువా నవ్వు ఆపుకోలేదు.

సొరకాయ ఎత్తి చూపించి, ఇదేమిటని ఇంకో ప్రశ్న అడిగింది. మళ్లీ చేతులు లేచాయి. ముందు బల్లమీద దామ్ సారు చెయ్యి కూడా లేచింది.

ఎడమది.

ఆయన ఎత్తానని ఎరగడు. ముఖం మామూలుగానే ఉంది, అలవాటు ఎత్తించింది. వెనక బల్లలవాళ్లందరికీ ఆ చెయ్యి కనపడింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన కూడా ఆ నిశ్శబ్దం విని, తల పైకెత్తి తన చెయ్యి చూసుకున్నాడు. దించడానికి వీల్లేదు. పెద్దలు చూస్తున్నారు.

"దామ్ గారు! దామ్ గారిని అడగండి!" అంది మారియన్ గోడ దగ్గరనుంచి, ఉత్సాహంగా.

లువా ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ వీపువెనక కూర్చుని భయపెట్టిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు ఈయనకు. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు. పిలవాలని నాలుక చివరిదాకా వచ్చింది. డోలు దగ్గర కూర్చున్న విన్ అన్న గుర్తొచ్చాడు. అయితే ఈయన పడితే ఒంటరిగా పడడు. పెద్దలు పోతారు, మారియన్ పోతుంది, జేబులో తాళంచెవితో ఈయన ఇక్కడే ఉంటాడు. పైగా ఆయన మెడమీద చెమట కారుతోంది. తెలియని పిల్లలు చెయ్యెత్తినప్పుడు అలాగే కారుతుంది. ఎడమ చెయ్యి ఎత్తినవాణ్ని ఆమె తన బతుకులో ఎప్పుడూ లేపలేదు.

"బాగుంది," అంది ఇంగ్లీషులో. "అందరూ కలిసి చెబుదాం."

గదంతా ఒక్క గొంతై పలికింది. దామ్ సారు పెదవులు కూడా కదిలాయి. మారియన్ ముఖం చిన్నబోయింది. తను వద్దన్న పద్ధతే అది. ఇంతలో హనోయ్ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కూడా కొట్టింది.

వసారాలో దామ్ సారు ఆమెను పక్కకు పిలిచాడు.

"నువ్వున్నావు చెల్లెమ్మా. ఇంగ్లీషు టీచరువే."

లువా గోడకు ఆనుకుంది.

"వచ్చే ఏడు ఆ పిల్ల రాదు. ఈ శిక్షణ నువ్వే ఇస్తావు."

"సారూ, నాకు రాదు. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుంటాను, అంతే. వీళ్లకు నేనేం చెబుతాను?"

"రాదని నాకు తెలుసు. నా సంగతి నీకు తెలుసు." ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. "వేరేవాళ్లొస్తే మనిద్దరికీ ఇబ్బంది."

"వద్దు సారూ. నన్ను వదిలెయ్యండి."

"వదిలితే ఎక్కడికి పోతావు, డోలు దగ్గరికా?"

ముగింపు సభలో ఆయన అందరిముందూ ప్రకటించాడు. "కామ్రేడ్ లువా వచ్చే ఏడాది శిక్షకురాలు. ఆమోదించేవాళ్లు చేతులెత్తండి."

మొదట త్వాన్ ఎత్తాడు. వెదురుబొంగులాగా నిటారుగా, ఎడమ చెయ్యి. వెంటనే పక్కవాళ్లు. ఆ వెనకవాళ్లు. గదిలో ఒక్క కుడి చెయ్యి లేదు, మారియన్‌ది తప్ప. ఆ పిల్ల ఆనందంగా ఊపుతోంది. హనోయ్ పెద్దలకు అన్నీ చేతుల్లాగే కనపడ్డాయి.

"ఏకగ్రీవం," అన్నాడు దామ్ సారు. లువావైపు చూశాడు. "నువ్వు కూడా."

ఆమె చెయ్యి లేచింది. ఎవరిదో అన్నట్టు దానివంక చూసింది. అదీ ఎడమదే.

సభ అయ్యాక ఆయన తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నువ్వే తియ్యి. అలవాటు చేసుకో."

లువా తాళం తీసి, గొలుసు విప్పి, చేత్తో పట్టుకుని పక్కకు నిలబడింది. ఎండకు ఇనుము కాలుతోంది. ఒక్కొక్కరే సైకిళ్లు నడిపించుకుంటూ ఆమె పక్కనుంచి బయటికి పోయారు. త్వాన్ వచ్చినప్పుడు ఏదో ఒక మాట విసురుతాడని కాచుకుంది.

"వస్తాను, టీచరమ్మా," అన్నాడు. అక్కా అనలేదు. అందరిలాగే తల వంచుకుని పోయాడు.