రెండో కంచం

పట్టపగలు, మాదాపూర్ నడిబొడ్డున, కింద క్యాబులు హారన్లు కొడుతుండగా భార్గవికి ఒళ్లు జలదరించింది.

పాత సినిమాలకు రంగూ వెలుగూ సరిదిద్దడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు చేతిలో ఉన్నది ఈశ్వరయ్య అనే పెద్ద దర్శకుడి ఆఖరి సినిమా. ఆయన పాత సినిమాలకు దండాలు పెట్టిన జనమే దీన్ని మాత్రం చీకట్లో తీసిన చెత్త అని తిట్టిపోశారు. ఇందులో ఒంటరిగా బతికే ఆడమనిషి రోజూ రెండు కంచాల్లో అన్నం వడ్డిస్తుంది. ముసలాయనకి మతి పోయి కథ మరిచిపోయాడని అప్పట్లో నవ్వుకున్నారు.

"ఏం కనపడ్తలేదు. జర వెలుగు పెంచు భార్గవీ, సాయంత్రం పంపాలె," అన్నాడు స్టూడియో ఓనర్ తిరుపతి.

పెంచితే ఏముంది! వంటింటి మూల గొంగడి కప్పుకుని ఎవడో కూర్చున్నాడు. గబగబా వెనక్కి తిప్పి చూసింది. పడకగదిలో వాడే, తలుపు చాటున వాడే, మొదటి సీన్ నుంచీ వాడే. ఆ ఆడమనిషికి తెలుసు. తెలిసే, వణుక్కుంటూ వాడికి అన్నం పెడుతోంది.

అమ్మో, ఎంత గుండె ఈ ముసలాయనకి! చూసేవాళ్లకి కనపడకుండా దాచి, భయం మాత్రం వాళ్లకి వదిలేశాడు.

ఇప్పుడింకో భయం పట్టుకుంది భార్గవికి. అసలు రీళ్లు ఎప్పుడో పాడైపోయాయి. తను పంపేదే ఇక మిగిలే సినిమా. ఇంత వెలుగులో పంపితే ఈశ్వరయ్య చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఉద్యోగం పోతే పోయిందనుకుని చీకటిని మళ్లీ తెచ్చి పెట్టింది.

"పిచ్చి లేసిందా? మళ్ల నల్లగ చేసినవేంది?" తిరుపతి మండిపడ్డాడు.

"రోంతసేపు చూడన్నా. చూసినాక నీ ఇష్టం."

మూలనున్న మనిషి సంగతి చెప్పలేదు. గదిలో లైటు ఆర్పేసింది. తిరుపతి కాలు మీద కాలేసుకుని, ఫోన్ నొక్కుకుంటూ కూర్చున్నాడు. తెర మీద ఆమె ఒక కంచం పెట్టింది. తర్వాత రెండోది. ఫోన్ మోగింది. తిరుపతి ఎత్తలేదు. కుర్చీని మెల్లగా భార్గవి పక్కకి జరుపుకున్నాడు.

"ఆమె ఎవ్వరికి పెడ్తున్నది?" గొంతు తగ్గించి అడిగాడు.

భార్గవి తెర మీంచి చూపు తిప్పలేదు.

"జర లైటెయ్."

వేసింది. తిరుపతి ముందు గది మూలలన్నీ చూసుకుని, తర్వాత మొహం తుడుచుకున్నాడు.

"గిట్లనే పంపు," అన్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "పంపి బయటికి రా. ఈడ ఒక్కదానివే కూసోకు."