పది గంటలు, నిండు ఛార్జింగ్

నేను ఒక సన్నని పట్టీని. ఫోను తెరకు పైఅంచున, వేలెడు వెడల్పు కూడా లేని చోట, గడియారాన్నీ సిగ్నలు గీతల్నీ బ్యాటరీ బొమ్మనీ పెట్టుకుని కూర్చుంటాను. మీరు రోజుకు వందసార్లు నన్ను చూస్తారు. ఒక్కసారి కూడా పలకరించరు. టైము చూసి నిట్టూరుస్తారు, ఛార్జింగ్ చూసి కంగారుపడతారు, సిగ్నలు లేకపోతే నన్నే తిడతారు. నేనేం చేశాను? లేదు కాబట్టి లేదన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తి. దానిమీద నాకు కొంచెం గర్వం కూడా ఉంది, దాచుకోవడం దేనికి. బతుకు మొత్తంమీద ఇరవై నిమిషాలు మాత్రం అబద్ధం ఆడాను. అదీ నా అంతట నేను ఆడలేదు, నా చేత ఆడించారు. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ల నిజానికి నాకు దక్కని మర్యాద ఆ ఇరవై నిమిషాల వల్ల దక్కింది.

నేను పుట్టింది తమిళనాడు పొలిమేరలో ఒక ఫ్యాక్టరీలో. నెత్తికి టోపీ, చేతికి తొడుగులు వేసుకున్న ఒకమ్మాయి నన్ను వెలిగించి, పైనుంచి కిందికి చూసి, ఇంకో ఫోను అందుకుంది. నన్ను చూసి వంక పెట్టకుండా వదిలేసిన మనిషి ఆమె ఒక్కతే. అక్కణ్ణుంచి డబ్బాలో పడుకుని కాకినాడ చేరాను. అక్కడ నన్ను కొన్నది మైత్రేయి.

మైత్రేయిది కాకినాడలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఎవరో తయారుచేసిన యాప్‌లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి, తెర ఫోటోలు తీసి, తప్పులు రాసి పంపుతుంది. ఆ అమ్మాయికి నన్ను అలంకరించడం ఒక సరదా. గడియారాన్ని ఎడమనుంచి నడిమికి జరిపింది. నిలువు బ్యాటరీని గుండ్రంగా చేసి, మధ్యలో అంకె వేసింది. గంట బొమ్మని దాచింది, మర్నాడు మళ్లీ తెచ్చింది. సెట్టింగులలో ఒకచోట వరుసగా ఏడుసార్లు నొక్కితే ఒక దొంగగది తెరుచుకుంటుంది. అక్కడ 'డెమో మోడ్' అని ఒక మీట ఉంది. అది నొక్కితే నా ఒంటిమీది అసలు గుర్తులన్నీ పోయి, నిండు సిగ్నలు, నిండు బ్యాటరీ, పది గంటలు కనబడతాయి. ఎప్పుడు నొక్కినా పదే. తెర ఫోటో తీసేటప్పుడు అందంగా ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. పెళ్లిచూపులకి పక్కింటి గొలుసు వేసుకున్నట్టన్నమాట. ఫోటో అవగానే మైత్రేయి మీట తీసేసేది, నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ క్షణాల్ని అబద్ధం కింద నేను లెక్కవేయను.

రెండేళ్ల తరువాత ఆమె కొత్త ఫోను కొనుక్కుని, నన్ను మండపేటలో ఉన్న తండ్రికి ఇచ్చింది. ఆయన సోమనాథ శాస్త్రిగారు, పురోహితులు. అరవై మూడేళ్లు. మంత్రం స్పష్టంగా చదువుతారు, తప్పు పోనివ్వరు. ఆయనమీద ఊళ్లో ఒక్కటే ఫిర్యాదు, నెమ్మది. "శాస్త్రిగారి చేత పెళ్లి చేయిస్తే మధ్యాహ్నం భోజనం సాయంత్రం ఫలహారం అవుతుంది" అని వంటవాళ్లు అనుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పైకి నవ్వారుగాని లోపల ముల్లులా ఉండిపోయింది.

రెండో లోపం నాకు మాత్రమే తెలిసింది. ఆయన ఛార్జింగ్ పెట్టరు. సంధ్యావందనం మరిచిపోరుగాని ఛార్జరు మరిచిపోతారు. ఆయన చేతికి వచ్చాక నేను పది శాతం దాటి బతికిన మధ్యాహ్నాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ముహూర్తాలు అడిగినవాళ్లకి పంచాంగం యాప్ తెరిచి, తెర ఫోటో తీసి, ఊరి వాట్సాప్ గుంపులో పెట్టేవారు. ఫోటోతోపాటు నేనూ వెళ్లేదాన్ని, ఎర్రటి మూడు శాతం నెత్తిన పెట్టుకుని. ఒకసారి రైసుమిల్లు గుమాస్తా ఒకాయన కింద రాశాడు: "శాస్త్రిగారూ, మూడు శాతంతో మూడు ముళ్లు వేయించగలరా?" నలభైమంది నవ్వు బొమ్మలు పెట్టారు. శాస్త్రిగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇక ఆ పెళ్లి సంగతి.

రైసుమిల్లు యజమాని సత్యానందంగారి రెండో అమ్మాయి సునయన పెళ్లి. ముహూర్తం ఉదయం పది గంటల ఇరవై ఒక్క నిమిషాలకి. మర్నాటినుంచి మూఢం, డెబ్బై రోజులదాకా మరో ముహూర్తం లేదు. పెద్దమ్మాయి పెళ్లిలో సత్యానందంగారికి ఒక చేదు అనుభవం ఉంది. ఆడపెళ్లివారి గడియారం ఆరు నిమిషాలు ముందు, మగపెళ్లివారిది వెనక. జీలకర్ర బెల్లం వేళ ఎవరి టైము ప్రమాణం అని పీటలమీదే గొడవైంది, గట్టిమేళం రెండుసార్లు వాయించవలసి వచ్చింది. అందుకని ఈసారి తాంబూలాలనాడే ఆయన అందరిముందూ ఖాయం చేశారు.

"ఎవరి వాచీ ఎవరూ చూడొద్దండి. శాస్త్రిగారి ఫోన్లో ఎంతైతే అంతే. టైము మాట ఇంకెవరి నోటా రాకూడదు."

రెండువైపులా పెద్దలు సరేనన్నారు. అంటే నామీద ప్రమాణం చేశారు. నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఎగిరిపడ్డాను కూడా.

పెళ్లినాడు కళ్యాణమండపంలో ప్లగ్గులన్నీ డెకరేషన్ దీపాలు ఆక్రమించాయి. తొమ్మిదీ ముప్పావుకి నాలో ఆరు శాతం ఉంది. అప్పుడే ఎవరో ఫోను చేసి, మూఢం వెళ్లాక వచ్చే ముహూర్తాలు వెంటనే గుంపులో పెట్టమన్నారు. శాస్త్రిగారు పెళ్లికి వచ్చిన కూతుర్ని పిలిచారు.

"అమ్మాయ్, రెండు ఫోటోలు తీసి పడెయ్యి. ఆ ఎర్ర అంకె మాత్రం కనపడ్డానికి వీల్లేదు. ఇవాళ సగం గుంపు ఈ మండపంలోనే ఉంది, నా పరువు తీస్తారు."

"ఒక్క నిమిషం నాన్నా" అని మైత్రేయి దొంగగది తెరిచి మీట నొక్కింది. నేను నిండు బ్యాటరీతో, నిండు సిగ్నలుతో, పది గంటలతో మెరిసిపోయాను. ఫోటోలు తీసింది, పంపింది. మీట తీయబోతుండగా సత్యానందంగారి భార్య వచ్చి, "పెసరట్లు చల్లారిపోతున్నాయమ్మా, రా" అని చెయ్యి పట్టుకుంది. మైత్రేయి పంచాంగం తెర తెరిచి, నన్ను తండ్రి చేతికిచ్చి, కింద టిఫిన్ల హాలుకి వెళ్లిపోయింది. అప్పుడు అసలు టైము తొమ్మిదీ యాభై ఎనిమిది. నేను చూపుతున్నది పది. రెండు నిమిషాల తేడా ఎవరు కనిపెడతారు?

నాకు తెలుసు. నిజమైన టైము నా లోపల నడుస్తూనే ఉంది. పైకి చెప్పే వీల్లేదు. నోటికి గుడ్డ కట్టినవాడి అవస్థ ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

శాస్త్రిగారు తెర ఆరిపోకుండా పెట్టుకుని నన్ను కలశం పక్కన నిలబెట్టారు. మేనమామ సునయనని గంపలో తెచ్చి కూర్చోబెట్టాడు. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం తమలపాకుల్లో పెట్టి ఇద్దరి చేతికీ ఇచ్చారు. శాస్త్రిగారు నావైపు చూశారు. పది. గోత్రప్రవరలు చెప్పి మళ్లీ చూశారు. పదే.

అప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. నేను దగ్గరనుంచి చూశాను. 'ఇన్ని పనులు చేసినా అంకె కదల్లేదు. నన్నా నెమ్మది అంటారు వీళ్లు?' అని ఆ వెలుగు అర్థం. గడియారం తప్పేమోనన్న అనుమానం ఆ మనిషికి రాలేదు. తను వేగంగా ఉన్నానన్న మాట నమ్మడం అంత తియ్యగా ఉంది మరి. ఇంకా ఇరవై ఒక్క నిమిషాలున్నాయి కదా అని మహాసంకల్పం మొదలుపెట్టారు. మామూలుగా సగంలో ఆపే సంకల్పం, ఆ రోజు ఒక్క నదిని వదల్లేదు, ఒక్క పర్వతాన్ని వదల్లేదు.

అసలు టైము పదీ పది. అడ్డుతెర పట్టుకున్న మేనమామ గొంతు తగ్గించి అడిగాడు. "పంతులుగారూ, చేతులు పడిపోతన్నాయండి."

"ఓర్చుకోవయ్యా, మేనమామవి. ఇంకా బోలెడు టైముంది."

నాదస్వరం సింహాచలం ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకి వాయిస్తున్నాడు. అతను వాద్యం పీక నోట్లోంచి తీసి అన్నాడు. "ఇదే పాట మూడోసారి వాయిత్తన్నామండి శాస్త్రిగారూ. నా ఊపిరి లెక్క ప్రకారం పది ఎప్పుడో దాటిపోయిందండి."

"నాదస్వరం నీది, కాలం నాది. వాయించు."

వరుడి పెదనాన్న చేతిగడియారం చూసుకున్నాడు, ఉలిక్కిపడ్డాడు, చొక్కాచేతిని కిందికి లాక్కున్నాడు. మాట ఇచ్చాడు కదా. సత్యానందంగారు కూడా జేబులో ఫోను దొంగచాటుగా చూసుకుని, 'శాస్త్రం లెక్క వేరే ఉంటుంది కాబోలు' అన్నట్టు తల పంకించారు. మూడొందలమంది జనం. వాళ్లలో కనీసం రెండొందలమంది దగ్గర సరైన టైముంది. ఒక్కరూ నోరు విప్పలేదు. సునయన మాత్రం బెల్లం కరిగి మోచేతిదాకా కారుతుంటే, తలొంచుకుని నావైపే చూస్తోంది. నేను మారడం లేదని ఆ పిల్ల గమనించింది. పెళ్లికూతురు టైము అడిగితే బాగుండదని ఊరుకుంది.

నాకు ఏడుపొచ్చింది. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటారు. ఈ పెద్దమనిషి లెక్కలో నేను పదీ ఇరవై ఒకటి చూపేదాకా ముహూర్తం రాదు. నేను చూపేది ఎప్పుడు? ఎప్పటికీ చూపను. ఆ పిల్ల బెల్లం పట్టుకుని మూఢంలోకి వెళ్లిపోతుంది. ముప్పై అయిదేళ్లు సంపాదించుకున్న ఆయన పేరు ఒక్క పూటలో పోతుంది. ఇందుకా నేను నిజం చెప్పడం నేర్చింది?

అసలు టైము పదీ పదిహేడు. నా పైన నిండు బ్యాటరీ నవ్వుతోంది. లోపల మిగిలిన ఆ కాస్త చుక్కా అయిపోయింది. ఒక్కసారి వణికి, తెర నల్లబడి, నేను ఆరిపోయాను.

ఆ తరువాత జరిగింది నేను చూడలేదు. మైత్రేయి ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వుతుంటే విన్నాను. శాస్త్రిగారు నన్ను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "నిండుగా ఉందే! ఇప్పుడేగా చూశాను, నిండుగా ఉందే!" అన్నారట. ప్రమాణమే పోయింది కాబట్టి ఇచ్చిన మాట కూడా పోయింది. సింహాచలం మణికట్టు లోపలివైపు పెట్టుకునే గడియారం చూసి చెప్పాడట.

"పదీ పదిహేడండి."

"పదిహేడా?" శాస్త్రిగారు పీట వదిలి లేచారు. నలుగుర్ని అడిగారు. నలుగురూ పదిహేడే అన్నారు, ఒకాయన పద్దెనిమిది అన్నాడు. అయితేనేం, నదులూ పర్వతాలూ సాగదీసిన పుణ్యాన చేయవలసినవన్నీ ముందే అయిపోయాయి. జీలకర్ర బెల్లం ఒక్కటే మిగిలింది. సింహాచలం చెయ్యి పట్టుకుని, ఆ గడియారంలోకి చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా ఇరవై ఒకటికి "గట్టిమేళం!" అని అరిచిన అరుపుకి కింద పెసరట్టు తింటున్న మైత్రేయికి మీట గుర్తొచ్చింది. అల్లం పచ్చడి చేత్తోనే మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి అక్షతలు పడుతున్నాయి.

ఆ పూట తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు తిట్టుకోలేదు. ఆయన ఒక్కటే అన్నారు. "ఆ ఎర్ర అంకె కనపడితే పరువు పోతుందనుకున్నానమ్మా. ఆ ఆరు శాతమే కాపాడింది. నువ్వు నిండా ఛార్జింగ్ పెట్టుంటే సాయంత్రందాకా నదుల పేర్లు చదువుతూ ఉండేవాణ్ణి."

నా కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. సత్యానందంగారు ఊరుకోలేదు. ఆయన ఊరంతా చెప్పుకున్న కథ వేరు. శాస్త్రిగారి ఫోను మామూలు ఫోను కాదట. నిండు ఛార్జింగ్‌తో ఉన్నది, ముహూర్తానికి సరిగ్గా నాలుగు నిమిషాల ముందు, ఇక చదివింది చాలు అన్నట్టు తనంతట తనే కళ్లు మూసుకుని హెచ్చరించిందట. శాస్త్రిగారు ఆయనింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పారు. డెమో మోడ్, మీట, పెసరట్లు, అంతా చెప్పారు. సత్యానందంగారు చేతులు జోడించారు.

"మీరలా అనడం మీ సంస్కారమండి శాస్త్రిగారూ. గొప్పవాళ్లెప్పుడూ ఒప్పుకోరు."

ఏడాది తిరిగేసరికి నా బ్యాటరీ ఉబ్బిపోయింది. అది ప్రమాదమని మైత్రేయి దాన్ని తీయించేసి, నన్ను ఖాళీ పెట్టెగా తండ్రికి తిరిగి ఇచ్చింది. ఆయనకి కొత్త ఫోను వచ్చింది. అయినా పెళ్లివారు ఊరుకోరు. "పాత ఫోను కూడా తెండి పంతులుగారూ" అని ముందే అడుగుతారు. అందుకని ఇప్పటికీ ప్రతి ముహూర్తానికీ నేను వెళుతున్నాను. తెరకి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కలశం పక్కన నిలబెడతారు. నా నెత్తిన గడియారం లేదు, సిగ్నలు లేదు, బ్యాటరీ లేదు. అయినా చీకట్లో ఉండి చూడడం ఇప్పటికి అలవాటైంది. జనం ఒక్కొక్కరే వచ్చి, నల్లటి తెరలోకి భక్తిగా చూసి, తెలిసినట్టు తల ఊపి వెళ్లిపోతారు.

శాస్త్రిగారు మాత్రం నావైపు చూడరు. తనే సింహాచలం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఎంతైందోయ్?" అని అడుగుతారు.