కుడికి వంగిన పిడి

మనవరాలికి తల కొట్టేసినట్టయింది. పడమటి దేశం నుంచి విమానమెక్కి వచ్చిన మ్యూజియం ఆవిడ బల్ల మీద ఒక బొమ్మ పరిచి, పక్కన తాత చేసిన కొక్కెం పెట్టి చూస్తోంది. బొమ్మలో పిడి ఎడమకు వంగి ఉంది. తాత చేసిన దాంట్లో కుడికి.

వాళ్ళ కార్ఖానాలో ఆపరేషన్ పనిముట్లు చేస్తారు. కత్తెరలూ పట్టకార్లూ ఇక్కడ పుట్టి, పడమటి కంపెనీల పేర్లు ఒంటిమీద కొట్టించుకుని ఓడ ఎక్కుతాయి. యాభై ఏళ్ళుగా ఆ పేర్లు కొడుతున్నది తాతే. పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చిన దానిమ్మ మొగ్గ ముద్ర మాత్రం గుడ్డ చుట్టుకుని సొరుగులో పడి ఉంది.

మ్యూజియం వాళ్ళు వైద్య చరిత్ర కోసం కొత్త గది తెరుస్తున్నారు. నాలుగు వందల ఏళ్ళ నాటి తమ అచ్చు పుస్తకంలోని బొమ్మ పంపి, గొంతులో ముల్లు తీసే ఈ కొక్కెం చేయమన్నారు. సరిగ్గా వస్తే సొంత ముద్ర వేసుకోవచ్చన్నారు. ఆ మాట విని వారం రోజులు కూనిరాగాలు తీసిన మనిషి, తీరా ఇలా చేశాడు!

"బొమ్మ చూసి చేయమన్నాను కదా తాతా! ఇప్పుడు ఈవిడకి ఏం చెప్పను?"

"బొమ్మే తప్పని చెప్పు."

తాత బీరువాలోంచి ఉస్తాద్ చేతిరాత పుస్తకం తెచ్చాడు. ఎప్పటివాళ్ళో హకీం వైద్యులు అరబ్బీలో రాసుకున్నదానికి నకలు. అందులో పిడి కుడికే ఉంది. మనవరాలు ఆవిడ భాషలో చెప్పింది. ఆవిడ మెత్తబడలేదు. నకలు రాసినవాళ్ళూ పొరబడి ఉండొచ్చు కదా అంది.

"పుస్తకాలు పోట్లాడుకోనీ. నువ్వు నోరు తెరువు," అన్నాడు తాత మనవరాలితో.

జేబులోంచి ఇంకో కొక్కెం తీసి ఆవిడ కుడిచేతికిచ్చాడు. ముసలాయన బొమ్మ ప్రకారం కూడా ఒకటి చేసి ఉంచాడన్నమాట! దాన్ని మనవరాలి నోటి దగ్గర పెట్టేసరికి ఆవిడ పిడికిలే ఆవిడకు అడ్డొచ్చింది. మెడ ఎటు తిప్పినా లోపల ఏమీ కనిపించలేదు. తర్వాత తాత కొక్కెం పట్టుకుంది. చేయి పక్కకు తప్పుకుంది. కొండనాలుక దాకా స్పష్టంగా కనిపించింది.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది.

"మావాళ్ళు మీ పుస్తకం చూసి బొమ్మను ఉన్నదున్నట్టు చెక్క మీద చెక్కి ఉంటారు. కాగితం మీద అద్దేసరికి కుడి ఎడమైంది. ఇన్నేళ్ళూ అందరం చదివాం. ఒక్కరం కూడా చేసి చూడలేదు," అంది.

మనవరాలు ఆ మాటలు తాతకు గర్వంగా చెప్పింది. "చూశావా తాతా, మనదే కరెక్ట్! వాళ్ళే తిరగేశారు!"

"ఎగతాళి చేయకు. తిరగబడిందైనా ఇన్నేళ్ళు భద్రంగా దాచుకున్నారు. మన పుస్తకం దాచినవాళ్ళు మనకి పరాయివాళ్ళెలా అవుతారే?"

మనవరాలి నోట అది విన్నాక ఆవిడ రెండు కొక్కేలనూ దగ్గరకు జరిపింది. రెండూ పక్కపక్కనే పెడతామని, జరిగింది జరిగినట్టే రాస్తామని చెప్పింది. "ముద్ర వేయమనండి," అంది.

తాత సొరుగు లాగి గుడ్డ విప్పాడు. యాభై ఏళ్ళు పరాయి పేర్లు కొట్టిన చేత్తో దానిమ్మ మొగ్గను కుడికి వంగిన పిడి మీద ఆనించాడు. మనవరాలు కొక్కెం కదలకుండా పట్టుకోబోతే వద్దన్నాడు. సుత్తి ఎత్తి ఒక్కటే దెబ్బ వేశాడు.