ఫ్రీగానా, లూజుగానా

చంక దగ్గర కుట్టు విప్పుతుంటే కత్తెర మొన మళ్లీ వేలికి గుచ్చుకుంది. పొద్దుట్నుంచీ ఇదే వరస. దర్జీ వేలు నోట్లో పెట్టుకుని వీధిలోకి చూశాడు. ఇంటికి వెళ్లాలనిపించింది. వెళ్లి చేసేదేముందని మళ్లీ కూర్చున్నాడు.

అద్దం ముందు ఓ బొద్దాయన కొత్త కోటు తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఫ్రీగా కుట్టమంటే లూజుగా కుట్టారేంటి మాస్టారూ?"

"రెండూ ఒకటేగా అండీ."

"ఒకటెలా అవుతాయి? ఫ్రీ అంటే నేను మసలడానికి చోటు. లూజంటే ఇంకొకడికి కూడా చోటు!"

తన మాటకు తనే నవ్వుకున్నాడు బొద్దాయన. దర్జీకి నవ్వు రాలేదు. ఆ తేడా తెలిసే ఇన్నేళ్లూ బతుకు వెళ్లదీశాడు. ఇవాళే రెండూ ఒకటి కావాలనిపించింది.

పొద్దున భార్య నీలం గౌను తొడుక్కుని ఎదురుగా వచ్చి నిలబడింది. కిందటేడు తను కుట్టిందే. భుజాలు జారిపోతున్నాయి.

"ఏవండీ, లూజైపోయింది. కాస్త లోపలికి పట్టండి."

"లూజేం కాదు, ఫ్రీగా ఉంది. గాలాడుతుంది."

"ఊరందరికీ కొలతలు తీస్తారు. నా దగ్గరికొచ్చేసరికి టేపు కనబడదు."

డాక్టరు చెప్పింది ఇద్దరూ విన్నారు. ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ మాటెత్తలేదు. టేపు చుడితే అంకె బయటపడుతుంది.

బొద్దాయన వెళ్లాక కాలుగాలిన పిల్లిలా కొట్లోనే తిరిగాడు. మధ్యాహ్నానికే తలుపులు వేసి, టేపు జేబులో కుక్కుకుని ఇంటికి నడిచాడు.

"లే, కొలుస్తాను."

"ఇప్పటికి తీరిందా?" అంటూ ఆమె గోడ పట్టుకుని లేచి చేతులెత్తింది. అతను టేపు చుట్టాడు.

"ఎంత?"

"ఫ్రీగా ఉందంతే."

"అబద్ధమాడ్డం చేతకాదు మీకు," అని నవ్వి, గౌను మార్చుకుని అతని చేతికిచ్చి పడుకుంది.

అతను కిటికీ పక్కన మిషను ముందు కూర్చున్నాడు. రెండు పక్కలా పట్టి, భుజాలు ఎత్తి కుట్టాడు. చివరి దారం కొరికి, "ఏమేవ్, ఓసారి తొడుక్కుని చూడు," అన్నాడు. మిషను ఆగాక ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

సాయంత్రం పక్కింటావిడ చల్లబడ్డ ఆమె వేళ్లు సర్దుతూ ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టింది. వేలికి వదులై జారిపోకుండా, అతనికి తెలియకుండా ఆమె ఎప్పుడు చుట్టుకుందో, దాని అడుగున తెల్లదారం వరసలు వరసలుగా, ముడి కనబడకుండా ఉంది.