పారేసిన ఆకు

నేను ఒక కేకు గిన్నెను. పుట్టడం మాత్రం ఈ పేరుతో పుట్టలేదు. అనకాపల్లిలో ఒక రేకుల షెడ్డులో సొట్టపడ్డ బిందెలు, విరిగిన గరిటెలు, మూతపోయిన టిఫిను క్యారేజీలు కలిపి కరిగించి పోస్తే వచ్చిన అల్యూమినియాన్ని. నా ఒంట్లో ఎన్నిళ్ల ఎంగిలి ఉందో నాకే తెలియదు. అందుకేనేమో, నాకు ఎవరి మీదైనా ముందు అనుమానమే పుడుతుంది. నమ్మకం తర్వాత వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

మొదటి యజమాని నర్సీపట్నంలో బేకరీ నడిపే సత్తిరాజు. 'అచ్చమైన వెన్న కేకులు' అని బోర్డు రాయించాడు. పదకొండేళ్లలో నా కడుపులో వెన్న పడగా నేను చూడలేదు. అంతా డాల్డాయే. కొనేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని, "వెన్న వాసన ఎలా వస్తోందో చూడు" అనుకునేవారు. మనుషులు సగం చెవులతో తింటారని అక్కడే తెలుసుకున్నాను.

సత్తిరాజు దుకాణం మూసేసినప్పుడు పాత సామాను కొనడానికి దమయంతి వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. నన్ను ఎత్తి వేలితో కొట్టి చప్పుడు విన్నది. వాసన చూసింది. సన్నచిల్లులేమైనా ఉన్నాయేమోనని ఎండకేసి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. ఈమె నా జాతిదేనని నాకు వెంటనే అర్థమైంది.

లంబసింగి దారిలో, కొండ మలుపు మీద, దమయంతికి ఆరు గదుల అతిథిగృహం ఉంది. చలికాలంలో మంచు చూడడానికి విశాఖ నుంచీ హైదరాబాదు నుంచీ జనం వస్తారు. రాత్రి బొంగు చికెన్, పొద్దున్న ఇడ్లీ. వాటితోనే ఆమెకు పేరు. అయితే నేను వచ్చిన ఏడాదే ఆమె దగ్గర బొంగు చికెన్ నేర్చుకున్న వంటవాడు, రోడ్డుకు అటువైపు కొత్తగా వెలిసిన రిసార్టులో చేరిపోయాడు. ఆ రోజు నుంచి దమయంతి వంటింట్లో మసాలా పొడి తానే కలిపేది, తలుపు గడియ వేసుకుని. పంచదార డబ్బా మీద పెన్సిలుతో గీత గీసేది.

ఆ గీతల కాలంలోనే నూకాలు వంటకు కుదిరింది. దిగువ వాలులో, వందడుగుల కింద ఉన్న పేటలో ఇల్లు. భర్త లేడు. చెల్లెలు అచ్చియమ్మ తోడు. అచ్చియమ్మకు ఏడో నెల, మొగుడు విజయవాడలో భవనాల పనిలో ఉన్నాడు. నూకాలు గిన్నెలు తోమితే నా ఒళ్లు మెరిసేది. అయినా నేను నమ్మలేదు. కొంగు ముడిలో ఏదో ఒకటి మూటకట్టుకుని వెళ్లేది. చింతపండా, మిరపకాయలా, నాకు కనిపించేది కాదు. కనిపించనిదాన్ని నేనెలా నమ్మను?

భూషణం మాస్టారు రావడంతో అసలు కథ మొదలైంది. ఆయన వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పై మలుపులో ఉంటాడు. చలిదేశపు మొక్కలన్నీ తెచ్చి ఇక్కడ బతుకుతాయో లేదో చూడడం ఆయన పిచ్చి. హిమాచల్ నుంచి రూబార్బ్ అనే మొక్క దుంపలు తెచ్చి, దమయంతి పెరట్లో నాలుగు పాతాడు. మూడో శీతాకాలానికి అవి గొడుగంత ఆకులు వేశాయి. జానెడున్నర కాడలు, ఎర్రగా, చెరుకు ముక్కల్లా ఉన్నాయి.

"ఈ కాడలతో కేకు చేసి పొద్దున్న టిఫినుకు పెట్టమ్మాయ్. ఈ కొండ మీద ఇంకెవరి దగ్గరా ఉండదు" అన్నాడు మాస్టారు.

ఇంకెవరి దగ్గరా ఉండదు అన్న మాటకు దమయంతి కళ్లు చిన్నవయ్యాయి. నూకాలును పాలకు పంపించేసింది. వాకిట్లోంచి అడుగుల చప్పుడు ఆగేదాకా ఆగి, తలుపు దగ్గరకు వేసి, "ఇప్పుడు చెప్పండి మాస్టారూ" అంది. ఆయన చెప్పాడు. వెన్న, పంచదార నురగ వచ్చేలా కలపాలి. రెండు గుడ్లు, ఒక కప్పు పెరుగు, రెండు కప్పుల మైదా, చిటికెడు వంటసోడా. కాడలను అంగుళం ముక్కలు కోసి పంచదారలో దొర్లించి పైన చల్లాలి. మధ్యరకం వేడిలో నలభై నిమిషాలు. ఇంతే. చివరన వేలెత్తి మరీ చెప్పాడు:

"కాడ మాత్రమే. ఆకు విషం. కడుపులో మంట, వాంతులు, ఎక్కువ తింటే మూత్రపిండాలకే ముప్పు. ఇంట్లో అందరికీ చెప్పు."

అందరికీ అంటే ఎవరికి? అక్కడ ఉన్నది ఇద్దరు మనుషులూ నేనూ. నాకు నోరు లేదు. దమయంతికి ఉంది గానీ, ఆమె దాన్ని కుట్టేసుకుంది.

మర్నాటి నుంచీ ఆమె పద్ధతి ఇది. తెల్లవారకముందే కాడలు తానే కోసి, ఆకులు చీల్చి పెరటి గోతిలో పారేసి, కాడల్ని తన గదిలో ముక్కలు చేసి, గిన్నెడు ముక్కలు మాత్రం నూకాలు చేతికి ఇచ్చేది. కలపడం, కాల్చడం నూకాలు పని. ఏ మొక్కో చెప్పదు. ఆకు ఎందుకు పారేస్తోందో చెప్పదు. నూకాలు ఆ మొక్క పేరొక్కటి ఎలాగో పట్టుకుంది. అతిథులు అంటుంటే విన్నది కాబోలు, వాటిని 'రుబాబు కాడలు' అనేది.

"పొద్దున్నే కేకేటమ్మా, ఎవుల పుట్టినరోజు?" అని మొదటిరోజు అడిగింది. దమయంతి నవ్వలేదు.

కేకు బాగా కుదిరేది, అది ఒప్పుకోవాలి. పైపొర పెళపెళలాడేది, లోపల కాడలు మెత్తబడి గులాబి రంగు తిరిగేవి. ఆ పులుపు మీద కూడా నాకు అనుమానమే. అంచుల దగ్గర నన్ను కొద్దికొద్దిగా కొరుకుతున్నట్టుండేది. హైదరాబాదు వాళ్లు ఫోటోలు తీసుకుని మరీ తిన్నారు. దమయంతి ముఖంలో మూడేళ్ల తర్వాత వెలుగు చూశాను. ఎదురు రిసార్టు వంటవాడు గేటు దగ్గర రెండుసార్లు తచ్చాడడం కూడా చూశాను. దమయంతి కూడా చూసింది.

అప్పుడే ఆమె కిటికీలోంచి ఇంకొకటి చూసింది. చీకటి విడుతుండగా నూకాలు పెరటి గోతి దగ్గర వంగి, ఏదో ఏరి, కొంగు కింద దాచుకుని వంటింటికి వస్తోంది. దమయంతి అరవలేదు. వేలు పెదవి మీద పెట్టుకుని నిలబడింది. కాడలు ఎదురు రిసార్టుకు చేరుతున్నాయని ఆమె లెక్క తేల్చేసుకుంది. సాక్షి ఉండగా పట్టుకోవాలని మాస్టారును టిఫినుకు రమ్మని కబురుపెట్టింది.

నేను అసలు సంగతి చూశాను. నూకాలు కొంగు విప్పింది. అందులో ఉన్నవి ఆకులు.

ఆమె తప్పేముంది? చుక్కకూర, గోంగూర, బచ్చలి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె చేతులకు తెలిసిన పని ఒకటే. ఆకు గిల్లి చాటలో వేసుకోవడం, ముదురు కాడ అవతల పారేయడం. ఈ ఇంట్లో కాడ ఉంచుకుని ఆకు పారేస్తున్నారు. కలిగినవాళ్లకు ఆకలీ లేదు, తెలివీ లేదు అని తనలో తాను గొణుక్కుంటూ ఆకు కొస తుంచి నాలుక మీద పెట్టుకుంది. పుల్లగా ఉంది. చెల్లెలు వారం రోజులుగా పులుపు, పులుపు అని కలవరిస్తోంది. చూలింత నోరు కోరితే కాదనకూడదు.

నాకు వెన్న రాసి, పిండి చల్లి, నన్ను నింపి, ఓవెన్‌లో పెట్టింది. నా ఎదురుగా గాజు తలుపు. దాని అవతల పొయ్యి. పొయ్యి మీద కందిపప్పులో ఆ ఆకు ఉడుకుతోంది. పచ్చిమిర్చి, వెల్లుల్లి తాలింపు. అంత కమ్మటి వాసనకు నేను అంత భయపడడం అదే మొదలు. ఎన్నో ఇళ్ల గిన్నెల ముక్కలు కలిసిన ఒళ్లు నాది, ఒక్క ముక్కకైనా నోరు ఉంటే బాగుండునని అప్పుడనిపించింది.

పాలు పోసే ముత్యాలు వచ్చాడు. నూకాలు ఒక స్టీలు డబ్బాలో పప్పు నింపి, మూత బిగించి, వెళ్లేటప్పుడు చెల్లెలికి ఇమ్మంది. అన్నం ఇంట్లో వండే ఉందని, వేడి మీద తినమని చెప్పమంది. ముత్యాలు డబ్బాను పాలక్యాన్ల పక్కన పెట్టుకుని దిగువకు సాగిపోయాడు.

పావుగంటకు దమయంతి వచ్చింది. వెనక మాస్టారు.

"మూత తియ్యి" అంది, పొయ్యి మీది పప్పుగిన్నె చూపించి.

"అది నాదమ్మా. మీ సొమ్ము కాదు."

"తియ్యి అంటున్నాను."

"సెత్తలో పారేసింది తెచ్చుకుంటే దొంగతనవా?" నూకాలు పొయ్యికి అడ్డంగా నిలబడింది. "మీరు కాడ దాసుకుని ఆకు పారేసినారు. కడుపుతో ఉన్నదానికి పుల్లగా నాలుగు ముద్దలు పెట్టుకుందావనుకున్నాను."

దమయంతి మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల కాడలు లేవు, ఆకు పప్పు ఉంది. మాస్టారు గరిటెతో ఒకసారి కలిపి, గరిటె అక్కడే వదిలేశాడు.

"ఇది ఎవరైనా తిన్నారా?"

"ఉప్పు సూసినాను. సెల్లికి పంపినాను."

ఆ తర్వాత వంటిల్లు ఖాళీ. ముగ్గురూ ఒకేసారి గుమ్మం దాటారు. దమయంతి చెప్పు ఒకటి గడప దగ్గర బోర్లాపడి ఉంది. నా కడుపులో కేకు పొంగింది, ఎర్రబడింది, నలభై నిమిషాలు దాటింది. తీసేవాళ్లు లేరు. అంచులు నల్లబడుతుంటే, దిగువ నుంచి ఏ ఏడుపు వినిపిస్తుందోనని నేను ఎదురుచూశాను. ఏమీ వినిపించలేదు. దాన్ని కూడా నేను నమ్మలేదు.

పేటలో జరిగింది తర్వాత ముత్యాలు చెప్పగా విన్నాను. అచ్చియమ్మ కంచం ముందు కూర్చుని ఉందట. దమయంతి ఒంటి చెప్పుతో వాలు దిగి, లోపలికి దూసుకెళ్లి, ఆమె చేతిలో ముద్ద ఉండగానే కంచం లాగి వాకిట్లోకి విసిరేసిందట. పేట అంతా గుమిగూడింది. చూలింత ముందు కంచం లాగడం కంటే పాపం ఇంకోటి ఉందా? ఒక ముసలామె దమయంతి జుట్టు పట్టుకోబోయింది. "సెత్తలో ఏరుకున్న ఆకు మీద కూడా నీకు హక్కుందేటే?" అని అడిగింది.

దమయంతి ఆయాసంతో అందరి ముందూ చెప్పింది. "ఆ ఆకు విషం. నాకు తెలుసు. నేనే చెప్పలేదు."

అచ్చియమ్మ అప్పటికి రెండు ముద్దలు మింగింది. మాస్టారు తన జీపులో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాడు. దమయంతి ముందు సీట్లో, అక్కాచెల్లెళ్లు వెనక. సాయంత్రందాకా డాక్టరు కనిపెట్టుకుని ఉన్నాడు. రెండు ముద్దలతో ఆగింది కాబట్టి ముప్పు లేదన్నాడు. కడుపులో బిడ్డ తన్నుతోందని అచ్చియమ్మ చెప్పాకే, నూకాలు మంచినీళ్లు తాగింది.

అదే దమయంతి ఒకరిని నమ్మే మనిషి అయి ఉంటే ఆ ఆకు పొయ్యి ఎక్కేదే కాదు. ఆమె అనుమానించే మనిషి కాకపోయి ఉంటే ఆ మూత తెరిచేదీ కాదు. దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు తెగలేదు. ఇప్పటికీ తెగదు.

రెండోరోజు నూకాలు వచ్చింది, పని మానేస్తున్నానని చెప్పడానికి. దమయంతి నా లోపలి మాడు గీకుతూ కూర్చుని ఉంది. ఉండమని బతిమాలలేదు. కేకు సంగతంతా మొదటి నుంచి చివరిదాకా, కొలతలతో సహా, ఆకు సంగతితో సహా, గట్టిగా చెప్పింది. ఎదురు రిసార్టులో చెప్పుకున్నా సరే అంది. నూకాలు గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నది.

"మీరు సెప్పింది నిజవని నాకెలా తెలుస్తాది?"

దమయంతి మాడు గీకడం ఆపి తలెత్తింది.

"ఆకు విషవైతే కాడ మంచిదెలాగయింది? ఈ కేకు నాను పదిమందికి పెడుతున్నాను. నాకు నమ్మకం లేదమ్మా."

అని లోపలికొచ్చి, కొంగు బిగించి, ఆమె చెప్పిన కొలతలతోనే పిండి కలిపింది. నన్ను ఓవెన్‌లో పెట్టి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. నలభై నిమిషాలు అక్కణ్నుంచి లేవలేదు. తీసి, చల్లారాక, ఒక ముక్క కోసి దమయంతి ముందు పెట్టింది.

"ముందు మీరు తినండి."

యజమానురాలు పనిమనిషి ముందు నిలబడి తిన్నది. నూకాలు గోడ గడియారం చూస్తూ అరగంట కూర్చుంది. అప్పుడు లేచి, మిగతా కేకు కోసి ప్లేట్లలో పెట్టింది. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

రోజూ ముందు దమయంతి తినడం, అరగంట ఆగాక అతిథులకు పెట్టడం, అదే ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. అచ్చియమ్మకు ఆడపిల్ల పుట్టింది, బడికి కూడా వెళ్తోంది. పులుపు తినీ తినీ నా అడుగు పలచబడి, చివరికి సూదిమొన అంత చిల్లు పడింది. కొత్త గిన్నె వచ్చింది. నన్ను పారేయలేదు. కిటికీ గూట్లో వెల్లుల్లి పోసి పెట్టారు. ఇక్కణ్నుంచి వంటిల్లంతా బాగా కనిపిస్తుంది.

మొన్న దమయంతికి జ్వరం వచ్చింది. లేవలేకపోయింది. బయట పన్నెండు మంది టిఫినుకు కూర్చున్నారు. నూకాలు ముక్క కోసి పడకగదికే పట్టుకెళ్లింది.

"నోరు చేదుగా ఉందే, ఇవాళ్టికి వదిలెయ్" అంది దమయంతి లోపలి నుంచి.

"వొదిలేస్తాను. అతిథులికి ఇడ్లీ పెట్టేస్తాను."

మంచం కిర్రుమంది. దమయంతి లేచి కూర్చున్నట్టుంది. నూకాలు ఖాళీ ప్లేటుతో తిరిగి వచ్చి, గడియారం వైపు ఒకసారి చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.