బ్యాటరీకి బొట్టు

దసరా వెళ్ళిన మూడోనాడు మా పాత పికప్ బండి వన్ టౌన్ సందులో మొండికేసింది. అదీ ఎప్పుడు? మా కొట్లో పనిచేసే అమలమ్మ కూతురు క్రిస్టినా పెళ్ళినాడు! పెళ్ళి కొండపల్లిలో, వంట సామాను మా అద్దె కొట్టు నుంచి. గుండిగలు, గంటెలు, గ్యాసు పొయ్యిలు అన్నీ బండికెక్కించి తాళ్ళు బిగించాం. అక్కడ ఉల్లిపాయలు తరిగి, మాంసం కడిగి, వంటవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారట. మా గుండిగ వెళ్తే తప్ప పెళ్ళి భోజనం లేదు.

డ్రైవర్ లాజరు తాళం తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్. లైట్లు వెలుగుతున్నాయి, ఇంజన్ మాత్రం ఉలకదు, పలకదు.

"సెల్ఫ్ తీసుకోవట్లేదమ్మగారూ," అన్నాడు.

ఇక చూడండి. మా బెజవాడలో బండి ఆగితే మెకానిక్ కాని మగాడు ఉండడు. ఉల్లిపాయల కొట్టాయన డీజిల్లో నీళ్ళు కలిశాయన్నాడు. కిళ్ళీ కొట్టాయన సెల్ఫ్ మోటారే కాలిపోయిందని తేల్చేశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి సైకిల్ తప్ప ఎక్కి ఎరగడు. పోనీ తోసి స్టార్ట్ చేద్దామంటే బండికి ముందు గోడ, వెనక సరుకు దింపుతున్న లారీ.

మా ఆయన జానకిరామయ్యగారు మాత్రం సలహా చెప్పలేదు. అరుగు మీద నిలబడి తీర్పే చెప్పారు.

"దిష్టి! పండగనాడు బండి కళకళలాడుతుంటే వీధి వీధంతా నోరెళ్ళబెట్టి చూసింది. తగలకుండా ఉంటుందా?"

ఆ కళ సంగతి చెప్పాలి. ఈయన దసరాకి బండిని పూజించరు, పెళ్ళికూతుర్ని చేస్తారు. బంతిపూల దండలు, అరటి పిలకలు, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. నిమ్మకాయలు తొక్కించి ఇంజన్ ఆపాక కూడా ఈ ఏడు ఆయనకి తనివి తీరలేదు. పైపైన బొట్లు పెడితే ఏం లాభం, అసలు శక్తంతా బ్యాటరీలో ఉందని ఎవరో చెప్పారట. లాజరు చేత బానెట్ ఎత్తించి, బ్యాటరీ క్లిప్పులు ఊడదీయించి, లోపలి కడ్డీలకి పసుపూ గంధం ముద్దగా పట్టించి, మళ్ళీ బిగించమన్నారు. ఆ తర్వాత బండి తీయడం ఇవాళే. లాజరు మంచివాడు. మనసులో ఏ ప్రార్థన చేసుకున్నాడో గానీ పైకి ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు మాత్రం అన్నాడు. "అయ్యగారూ, ఆ క్లిప్పుల దగ్గర ఒకసారి తుడిచి చూద్దామండీ."

"ముట్టుకున్నావంటే ఊరుకోను! పూజ చేసిన బొట్టు దానంతటది రాలాలి. చెరిపితే అమ్మవారికి కోపం వస్తుంది."

ఇంతలో అమలమ్మ ఫోను.

"ప్రసూనమ్మగారండీ, బండి ఎక్కడిదాకా వచ్చిందండీ? చర్చిలో పాటలు మొదలెట్టేశారండీ. వియ్యాలవారు బస్సు దిగారండీ."

"వచ్చేస్తోంది అమలమ్మా, ఇదిగో, దారిలోనే ఉంది," అన్నాను. గోడకి ముక్కు ఆనించి ఉన్న బండి ముందు నిలబడి!

ఫోను పెట్టేశాను. అమలమ్మ మా కొట్లోనే ఇన్నేళ్ళూ గిన్నెలు తోమి ఆ పిల్లని నర్సింగ్ చదివించింది. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ఆమె తోమిన గుండిగే వెళ్ళింది. ఇవాళ సొంత కూతురి పెళ్ళిలో వియ్యాలవారి ముందు ఖాళీ విస్తళ్ళు వేసుకుని తల దించుకోవాలా? అమ్మవారికి కోపమొస్తే నేను చెప్పుకుంటాను. ఆవిడా ఆడదే, అర్థం చేసుకుంటుంది.

"లాజరూ, బానెట్ ఎత్తు."

"ప్రసూనా!"

"మీరు కాసేపు నోరు మూసుకోండి."

క్లిప్పులు ఊడదీస్తే లోపల పసుపూ గంధం ఎండి గారకట్టి ఉన్నాయి. తాళంకప్పలో గంధం కూరి, చెవి తిరగట్లేదని ఏడ్చినట్టుంది ఈయన వ్యవహారం. ఇత్తడి గిన్నెలు తోమే చింతపండు తెచ్చి, ఆ కడ్డీలూ క్లిప్పులూ తళతళలాడేదాకా రుద్దాను. కాసిని నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, లాజరు చేత బిగించాను. తాళం తిప్పాడో లేదో, బండి సందు దద్దరిల్లేలా లేచింది.

"చూశావా! అమ్మవారి మహిమ. నేను మనసులో మొక్కుకున్నాను!" అన్నారు మా ఆయన.

సొమ్మొకడిది, సోకొకడిది. లారీ వాణ్ణి తిట్టి పక్కకి జరిపించి బయల్దేరాం.

కొండపల్లిలో భోజనాలు కాస్త ఆలస్యమయ్యాయి గానీ బిర్యానీ పొగలు కక్కుతూ విస్తళ్ళలో పడింది. వియ్యపురాలు మారు వడ్డించుకుంది. అమలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. పక్క పందిట్లో మా ఆయన పెళ్ళివారిని కూర్చోబెట్టుకుని, ఆగిపోయిన బండి తన మొక్కుతో ఎలా లేచిందో చెబుతున్నారు. పాపం, పాస్టరుగారు కూడా తల ఊపుతూ విన్నారు.

సాయంత్రం తోమిన గుండిగలు ఎక్కించుకుని ఎక్కి కూర్చున్నాం. లాజరు తాళం తిప్పాడు.

టక్.

నేను పక్కకి తిరిగి చూశాను. మా ఆయన చేతివేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చేశారు?"

"ఏం లేదే... బ్యాటరీ బోసిగా ఉంటే ఏం బాగుంటుందని, మీరు తింటున్నప్పుడు కాస్త కుంకం... తడిపి... లోపలికి..."

పెళ్ళివారంతా సాగనంపడానికి చుట్టూ నిలబడి ఉన్నారు. ఇందాక మహిమ విన్నవాళ్ళందరూ ఇప్పుడు మహిమ చూడడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"ప్రసూనా, చింతపండేమైనా తెచ్చావా?"

"తెచ్చానండీ. మీ సంగతి నాకు తెలీదా? కొంగున కట్టుకునే వచ్చాను," అన్నాను అందరికీ వినపడేలా. "ఇక్కడ గోడా లేదు, లారీ లేదు. ముందు మీరు దిగి తోయండి."